వరకు

పంచాయతి ఆఫీసు బయటి గోడకు నల్ల రేకు బోర్డు.
సర్పంచు పేరు, నుండి, వరకు:
మూడు గళ్లు.
గీతలు మా నాయిన కొట్టినవి,
అక్షరాలు సగం ఆయనవి, సగం నావి.

మొదటి పేరు జలంధర్ రెడ్డి.
ఆ పేరు జోలికి నాయిన బ్రష్షు మళ్ల పోలె.
'వరకు' కింద మాత్రం అయిదేండ్లకోసారి
గ్యాసునూనె గుడ్డతో అంకె తుడిచి అంకె వేసేటోడు.
రుద్దీ రుద్దీ ఆ గడిల నలుపు లేచిపోయి
రేకు తేలింది; ఇప్పటికీ ఎండ పడితె మెరుస్తది.
"చెడ్డోడు కాదు బిడ్డా" అనేటోడు నాయిన,
"కని ఆయన దగ్గితె
మింగే గుక్క గూడ ఆపేటోళ్లం."

ఆయన పోయిన యేడు బడి అరుగు మీద కూసొని
ఊరు ఒక మాట రాసుకున్నది:
ఏ మనిషికైనా రెండు మాట్లే. మూడోది వద్దు.
సర్కారు చట్టంల అట్ల లేదు.
మా మినిట్సు బుక్కుల ఉన్నది,
నలభై ఒక్క వేలిముద్రల పైన.
అండ్ల ఒకటి నాది, నీలం రంగు అంటిన వేలు.

ఇప్పుడు ఐతగోని పారిజాతకు రెండూ నిండినయి.
ఆమె రాకముందు మా నీళ్లు
మా పండ్లను పసుపు జేసినయి, మోకాళ్లను కొయ్య జేసినయి.
(నిచ్చెన ఎక్కుడు నేను నలభైకే బందువెట్టిన.)
సోమవారం సోమవారం మర్రిగూడల బస్సెక్కి,
నల్లగొండ కలెక్టరాఫీసు మెట్ల మీద సద్ది తిని,
పైపులైను పట్టుకొచ్చిన మనిషి.
ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితె
ఏ వాడ బిందె నిండుతదో
కండ్లు మూసుకొని చెప్తది.

"ఆ కాయితం చింపేద్దాం" అన్నరు గ్రామసభల.
"పాలిచ్చే బర్రెను ఎవడన్న సంతకు కొడ్తడా?"
పగిళ్ల సైదులు లేచి,
"రేపు ఇంకో జలంధర్ రెడ్డి వస్తె
చింపిన దాన్ని ఏ గోందుతోని అతికిస్తరు?" అన్నడు.
అతనికీ పోటీ చేయాలని ఉన్నది, అందరికీ తెలుసు.
తెలిసినంత మాత్రాన మాట తప్పు కాదు గదా.

"ఓటు మాది. వద్దనుకుంటె మేమే దింపుతం.
నడుమ ఈ కాయితం ఎవరు?" అని ఒక పిల్లగాడు.
దానికీ నా దగ్గర జవాబు లేకుండె.

అప్పుడు వెనుక వరుసల ఏశమ్మ, కూసున్న కాడి నుంచే:
"బిడ్డా పారిజాతా, పదేండ్లాయె.
ఆ వాల్వులు తిప్పుడు
ఇంకొకరికి ఎందుకు నేర్పలె?"

పారిజాత బోర్డు దిక్కు చూసింది, మా దిక్కు చూడలె.
"దిగాలని లేదు నాకు" అన్నది.
ఇంకేం అనలె.
ఆ మాట నాకు నచ్చింది. భయం గూడ అయింది.

చేతులెత్తమన్నడు సెక్రటరీ.
లేద్దామని గోడ పట్టుకున్న.
మోకాలు పట్టేసి, చెయ్యి పైనే ఉండిపోయింది.
ఒకటి లెక్కవెట్టుకున్నడు.
ఏ దిక్కు అని నేను అడగలె.

లెక్క కుదరలె.
దసరా దాటినంక మళ్ల కూసుందామన్నరు.

జనం పోయినంక సెక్రటరీ: "రాజలింగం, 'వరకు' నింపు."
డబ్బా మూత తీసిన. రంగు మీద మీగడ కట్టింది.
పుల్లతో కలుపుతుంటె నాయిన పనిమాట యాదికొచ్చింది:
ఎంత ఇరుకైనా అడుగున ఒక్క గడి ఖాళీ విడువాలె.
మూత మళ్ల పెట్టిన.
బడిపిల్లల దగ్గర సుద్దముక్క అడుక్కొని
ఆ యేడు సుద్దతోనే రాసిన.
జల్లు కొడితె పోతదేమో అంటె,
మా దిక్కు వాన ఎన్నడొచ్చింది గన్క.

తెల్లారగట్ల నాలుగింటికి
మా ఇంటి గోడవతల వాల్వు కిర్రుమన్నది.
రెండు గొంతులు వినవడ్డయి.
"అటు కాదు, ఇటు. మెల్లగ."
రెండో గొంతు ఎవరిదో
పోల్చుకోలేకపోయిన.